సున్నా ఇల్లు

బోడికొండపల్లెలో ఏమీ జరగదని పట్నం నుంచి కాగితం వచ్చిన రోజున ఊరు ఊరంతా ఉడుక్కుంది.

కాగితం పంపింది నిర్విశేష పరిశోధన సంస్థ. రాష్ట్రంలోని ఊళ్ళన్నిటినీ జల్లెడ పట్టి, కేసులు, కొట్లాటలు, తిరునాళ్ళు, పేపర్లో పడ్డ వార్తలు, చివరికి పిడుగులు పడ్డ లెక్క కూడా తీసి చూస్తే అన్నిట్లోనూ అట్టడుగున నిలిచింది ఈ ఊరేనట. అందుకని తమ పరిశోధనకు ఈ ఊరినే ఎంచుకున్నారట. గ్రామస్థులు దయచేసి ఎప్పటిలాగే ఉండి సహకరించాలట.

సర్పంచ్ కాశిరెడ్డి పాలకేంద్రం ముందు నిలబడి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఏమీ జరగదంటారేంది? పోయినేడు నా గేదె క్వారీ గుంతలో పడితే మూడూళ్ళ జనం మోకులేసి లాగలా? అది జరగటం కాదా?"

"బతికిందిగా మావా. చచ్చుంటే లెక్కలోకొచ్చేది," అన్నాడు పాలు పోయడానికి వచ్చిన అంకయ్య.

వారం తిరక్కుండానే జీపు వచ్చింది. దిగిన మనిషి పేరు డాక్టర్ హైమవతి. యాభై దాటి ఉంటాయి. నూలు చీర, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. డాక్టరంటే సూదిమందు డాక్టరు కాదని తెలిసి మోకాళ్ళ నొప్పులవాళ్ళు సగం మంది అక్కణ్ణించే వెనక్కి తిరిగారు. మిగిలిన వాళ్ళకు ఆవిడ బడి వరండాలో నిలబడి విషయం చెప్పింది.

"జ్వరం ఎంతుందో తెలియాలంటే, జ్వరం లేనప్పుడు ఒళ్ళు ఎంత వెచ్చగా ఉంటుందో ముందు తెలియాలి కదా? ఇంట్లో ఏదో జరిగిందని గుర్తుపట్టాలన్నా అంతే. ఏమీ జరగనప్పుడు ఆ ఇల్లు ఎలా ఉంటుందో తెలియాలి. జరిగినవాటిని అందరూ కొలిచారు. జరగకపోవడాన్ని ఎవరూ కొలవలేదు. నేను ఇరవై రెండేళ్ళుగా ఆ పనిమీదే ఉన్నాను."

"ఇరవై రెండేళ్ళూ ఏం జరగలేదా మేడం?" అంకయ్య మర్యాదగానే అడిగాడు.

"ఒకటి రెండుసార్లు జరిగింది," అందావిడ నవ్వకుండా. "అప్పుడు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది."

వరండా స్తంభం వెనక నిలబడి ఇదంతా వింటున్న వెంగమాంబకు, ఊరందరి వెంగికి, నవ్వొచ్చింది గానీ ఓణీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదో తరగతి చదివే ఆ పిల్ల నవ్వినా ఏడ్చినా చప్పుడు బయటికి రాదు. నలుగురిలో పేరు పెట్టి పిలిస్తే చాలు, చెవులు ఎర్రబడతాయి. అందుకే హెడ్మాస్టరమ్మ ఉన్నట్టుండి చెయ్యిపట్టి ముందుకు లాగినప్పుడు ఆమెకు నేల చీలితే బాగుండుననిపించింది.

"రాసే మనిషి కావాలన్నారుగా మేడం. ఈ పిల్ల నోరు తెరవదు గానీ చేతిరాత ముత్యాలు. రోజూ డైరీ కూడా రాసిద్ది."

జనం గొల్లున నవ్వారు. డైరీ సంగతి ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదనుకుంది వెంగి.

"ఏం రాస్తావమ్మా డైరీలో?" అని అడిగింది హైమవతి.

"ఏమీ లేదు మేడం."

హైమవతి కళ్ళజోడు పెట్టుకుని ఆ పిల్లను పైనుంచి కిందిదాకా చూసింది. "నాకు కావలసింది అదే," అంది.

* * *

జీపులో వచ్చిన పెట్టెల్లోంచి బయటికి తీసినవి పలకలు. బోడికొండపల్లె బతుకంతా పలకరాయి మీదే. కొండపక్క క్వారీలో దొరికే నల్లరాయిని ఉలితో తడితే అప్పడాల్లా పొరలు పొరలుగా విడిపోతుంది. ఆ పొరలకు ఎంత చిన్న అదురునైనా పట్టుకునే గుణం ఉందని కనిపెట్టి, హైమవతి తన యంత్రాన్ని ఆ రాయితోనే చేయించింది. గోడకు బిగిస్తే ఇంట్లో అడుగుల చప్పుడు, గిన్నెల మోత, నిద్రపోయే మనిషి ఊపిరి, అన్నీ నేలగుండా గోడగుండా దానికి తెలుస్తాయి. అది బొమ్మ తీయదు, మాట వినదు. పలక మీద ఒక తెల్ల గీత మాత్రం కదులుతూ ఉంటుంది. ఇల్లు తన మామూలులో ఉంటే గీత సాఫీగా పోతుంది. మామూలు తప్పితే పక్కింటికి వినబడేటట్టు గంట మోగుతుంది. ఒంటరి ముసలమ్మ జారిపడ్డా, ఉయ్యాల్లో పిల్ల ఉక్కిరిబిక్కిరైనా, ఎవరో ఒకరు పరుగెత్తి రావచ్చు.

దానికి హైమవతి పెట్టిన పేరు చాలా పొడుగు. ఊరివాళ్ళు ఊరకపలక అన్నారు. ఊరికే వేలాడుతుంది కనక.

అయితే ఇంటి మామూలేమిటో ముందు దానికి నేర్పాలి. అందుకు నలభై ఒక్క రోజులు. పన్నెండు ఇళ్ళు ఎంచుకుని పలకలు బిగించారు. రోజూ సాయంత్రం వెంగి ఇంటింటికీ పోయి, ఇవాళ ఏం జరిగిందని అడిగి నోటుపుస్తకంలో రాయాలి. ఏమీ జరగలేదని రాసిన రోజులను హైమవతి ఏరి పలకకు చూపిస్తుంది. ఇదుగో, ఏమీ జరగకపోవడమంటే ఇట్లా ఉంటుంది, చూసుకో, అన్నట్టు.

మొదట్లో ఊరు పౌరుషానికి పోయింది. తమ ఇంట్లో కూడా జరుగుతాయని చూపించాలని ఒకరికి మించి ఒకరు చెప్పారు.

"రాసుకో. దగ్గాను," అన్నాడు అంకయ్య. "రెండుసార్లు. రెండోది పెద్దది."

పది రోజులయ్యేసరికి కథ తిరగబడింది. అన్నిటికన్నా నిమ్మళంగా ఉన్న ఇంటిని సున్నా ఇల్లుగా ప్రకటిస్తారనీ, ఆ ఇంటి మామూలే కొలబద్ద అవుతుందనీ, ఇంటివాళ్ళ ఫొటో పట్నంలో సంస్థ గోడకు పెడతారనీ తెలిసింది. దాంతో కాశిరెడ్డి చాటింపు వేసినంత పని చేశాడు. "ఎవరింట్లో అన్నా ఏదన్నా జరిగిందో, ఊరుకునేది లేదు!"

ఆ తరువాత ఏ గుమ్మంలోకి పోయినా ఒకటే జవాబు. గోడకు తగిలి సొట్టపోయిన కూరగిన్నె వాకిట్లో పడి ఉంటుంది, మొగుడు అరుగు మీద, పెళ్ళాం వంటింట్లో ఎడమొహం పెడమొహంగా ఉంటారు. "ఏం జరగలా. రాసుకోమ్మే," అంటారు ఇద్దరూ ఒకే గొంతుతో. వెంగి రాసుకుని వచ్చేది. ఎవరి ఇంటి గుట్టు వాళ్ళది. ఆమెకు మాత్రం లేదా?

* * *

ఆమె ఇంటి గుట్టు పొద్దున్నే ఆరు గంటల వేళ నేలమీద పడేది.

వాళ్ళమ్మ ఆదెమ్మకు మూర్ఛ. పొయ్యి వెలిగించబోతూనో, నీళ్ళు తోడబోతూనో ఉన్నట్టుండి కళ్ళు ఒకవైపుకు తిరిగిపోయేవి. మనిషి కొయ్యబారి పడిపోయేది. నాపరాళ్ళ నేలమీద మడమలు కొట్టుకునేవి. టకటక, టకటక, ఒక్క క్షణం ఆగి మళ్ళీ టకటక. తండ్రి తిరపతయ్య వెంటనే లేచి వీధి తలుపు మూసి గడియ పెట్టేవాడు. వెంగి వాళ్ళమ్మను పక్కకు తిప్పి తల కింద దిండు పెట్టేది. రెండు మూడు నిమిషాలు. ఆ తరువాత ఆదెమ్మ లేచి కూర్చుని, ఎక్కడున్నానా అన్నట్టు చూసి, మూతి కొంగుతో తుడుచుకునేది.

"ఏం జరగలా," అనేది. "పద, పిల్లలకు పప్పు నానెయ్యాలి."

పిల్లలంటే బడి పిల్లలు. ఆదెమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. అరవైమంది ఆమె చేతి సాంబారు కోసం పళ్ళేలు మోగిస్తారు. రెండేళ్ళ కిందట పక్కూళ్ళో ఇదే జబ్బున్న వంటామె సంగతి బయటపడితే, పిల్లల తల్లులు వచ్చి గిన్నెలు తీసి రోడ్డు మీద పెట్టారు. ఆ రోజు నుంచి ఆ రెండు మాటలూ వాళ్ళింట్లో కట్టుబాటు అయ్యాయి. తిరపతయ్య పట్నం నుంచి మాత్రలు తెచ్చి మిరపకాయల డబ్బాలో దాచేవాడు. అవి అయిపోతే మళ్ళీ పోయేదాకా లేవు. మందులషాపులో తెలిసినవాళ్ళు కనబడితే కొనకుండానే తిరిగొచ్చేవాడు.

పలకను వాళ్ళింట్లో బిగించొద్దని చెప్పాల్సింది. కానీ రాసే పిల్ల ఇంట్లోనే వద్దంటే ఎందుకని అడుగుతారు. దానికి జవాబు లేదు.

కాబట్టి సంస్థ నోటుపుస్తకంలో రోజూ తమ ఇంటి వరసలో వెంగి ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఏమీ జరగలేదు' అని రాసింది. రాసేటప్పుడు చెవులు వేడెక్కేవి. పలక ఎదురుగా గోడ మీద ఉండేది. అది చూస్తున్నట్టుండేది. తన సొంత డైరీలో కూడా అదే మాట రాసేది గానీ, వాళ్ళమ్మ పడిన రోజున పేజీ కింది మూల ఒక చుక్క పెట్టేది. పూర్తిగా అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. చుక్క అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

నలభై ఒక్క రోజులు నిండిన మర్నాడు హైమవతి వెంగిని బడిలో తన గదికి పిలిచింది. బల్ల మీద పొడుగాటి కాగితం, దాని మీద వెంగి వాళ్ళింటి గీత.

"ఎంత అందంగా ఉందో చూడు," అంది హైమవతి, పసిబిడ్డను చూపించినట్టు. "ఇరవై రెండేళ్ళలో ఇంత చక్కటి సున్నా నేను చూడలేదు. ఈ ఒక్కటి మాత్రం నాకు అంతు పట్టలేదు. వారానికి మూడుసార్లో ఎన్నో, పొద్దున్నే, ఈ చిన్న అల. చూశావా? టకటకమన్నట్టు, కాస్త ఆగి, మళ్ళీ. ఏమిటమ్మా ఇది?"

వెంగి కిటికీ వైపు చూసింది. బయట వంటపాకలో వాళ్ళమ్మ గరిటె చప్పుడు వినబడుతోంది. పిల్లలు పళ్ళేలు మోగిస్తున్నారు.

"అమ్మ పచ్చడి దంచిద్ది మేడం. రోట్లో."

హైమవతి మొహం విప్పారింది. "అంతేనా! రోటి పోటు! నేను కూడా ఏమేమో అనుకున్నాను." ఎర్ర పెన్సిలు తీసి అల పక్కన 'పచ్చడి' అని రాసుకుంది.

ఆ వారమే వాళ్ళది సున్నా ఇల్లయింది. కాశిరెడ్డి తిరపతయ్య మెడలో దండ వేశాడు. "మన పరువు నిలబెట్టావురా! నీ ఇంట్లో నలభై ఒక్క రోజులు ఒక్కటంటే ఒక్కటి జరగలేదంటే, అదీ కాపురమంటే!" అద్దాల చట్రంలో పెట్టిన కాగితాన్ని ఆదెమ్మ రెండు చేతులా అందుకుంది. ఫొటో తీస్తుంటే కెమెరా వైపు కాకుండా కూతురి వైపు చూసింది. వెంగి తల వంచుకుంది. అందరూ సిగ్గనుకున్నారు. సిగ్గే.

* * *

సున్నా ఇంటి మామూలును పన్నెండు పలకలకూ పాఠంగా ఎక్కించారు. అట్లాంటివే ఇంకో మూడు వందల పలకలు వేరే ఊళ్ళకు పోయాయి. ఇప్పుడవి జరుగుతున్నదేమిటో తెలుసుకుని, వెనక పెట్టెలో పేరు కూడా రాసుకునేవి. పిల్లి నడక, తిరగలి, పచ్చడి దంచడం. ఇట్లా తెలిసినవైతే గంట ఉండదు. తెలియనిదైతే మోగుతుంది.

మోగింది కూడా. అంకయ్య ఇంట్లో పాము దూరితే మోగింది. కాశిరెడ్డి తల్లి బాత్‌రూములో కాలు జారితే మోగింది. ముసలమ్మ తుంటి విరక్కుండా బతికిపోయింది. ఊరకపలక అన్న నోళ్ళే దానికి పసుపు రాసి బొట్టు పెట్టాయి.

వెంగి ఇంటి పక్కిల్లు గురవమ్మది. మొగుడు లారీ మీద పోతాడు. రెండేళ్ళ కూతురు నాంచారి. గురవమ్మ రోడ్డు దాటి ఎదురుగా ఉన్న పలకల షెడ్డులో చట్రాలు బిగించే పని చేస్తుంది. ఇంతకు ముందు పిల్లను చంకనేసుకుని పోయేది. షెడ్డులో రాతిదుమ్ముకు అది ఒకటే దగ్గేది. పలక వచ్చాక మధ్యాహ్నం పిల్లను నిద్రపుచ్చి పోవడం మొదలుపెట్టింది.

"నా తల్లే అనుకో ఈ పలక," అనేది వెంగితో. "కిందటి మంగళారం పిల్ల మంచం అంచుకొచ్చిందని గంట కొట్టిందే! నా అత్తగారు కూడా ఇంత కనిపెట్టుకుని ఉండలా."

ఆ బుధవారం పిల్లకు ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. గురవమ్మ చాప మీద పడుకోబెట్టి, తడిగుడ్డ వేసి, పలక వైపు ఒకసారి చూసింది. గీత సాఫీగా ఉంది. గంట వినబడితే రోడ్డు దాటడానికి ఎంతసేపు? పోయింది.

గంట మోగలేదు. మూడుంబావుకు నీళ్ళు తాగడానికి ఇంటికి వచ్చిన గురవమ్మ కేక బడిదాకా వినబడింది. వెంగి పుస్తకాలు పారేసి పరుగెత్తింది. నాంచారి కళ్ళు ఒకవైపుకు తిరిగిపోయి ఉన్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. అరచెయ్యంత కూడా లేని ఆ చిన్న పాదాలు నేలకు కొట్టుకుంటున్నాయి. టకటక, ఆగి, టకటక.

అందరికన్నా ముందు వెంగి మోకాళ్ళ మీద కూలబడి పిల్లను పక్కకు తిప్పింది. నోట్లో నురగ తుడిచింది. ఎట్లా చెయ్యాలో ఆమెకు తెలుసు. ఆమెకు ఎందుకు తెలుసని ఆ గందరగోళంలో ఎవరూ అడగలేదు.

* * *

నాంచారి బతికింది. జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చిందనీ, మామూలుగా ఐదు నిమిషాల్లో ఆగాల్సింది ముప్పావుగంట ఆగకుండా వచ్చిందనీ, ముందే తెచ్చి ఉంటే సూదిమందుతో ఆగిపోయేదనీ పట్నం డాక్టరు చెప్పాడు. ఎనిమిది రోజుల తరువాత పిల్లను తీసుకొచ్చారు. కుడిచెయ్యి వేలాడుతోంది. మరమరాలు పెడితే వేళ్ళు మూసుకోలేదు. ఎడం చేత్తో తీసుకుంది.

పలకదే తప్పని ఊరు రగిలిపోయింది. హైమవతి జీపు దిగి తిన్నగా గురవమ్మ ఇంటికి వచ్చింది. వాకిట్లో జనం. కాశిరెడ్డి, అంకయ్య, షెడ్డు ఆడవాళ్ళు, తిరపతయ్య. గోడవారగా వెంగి. హైమవతి పలకను ఊడదీసి, దాని వెనక పెట్టెను తన యంత్రానికి తగిలించి, బుధవారం మధ్యాహ్నం నడిచిన కాగితాన్ని బయటికి లాగింది.

"పలక పనిచేస్తూనే ఉంది," అంది నెమ్మదిగా. "రెండున్నరకు మొదలైన కదలికను అది విన్నది. తెలిసిన కదలికేనని గంట కొట్టలేదు. ఇదుగో, పేరు కూడా రాసింది. మీరు రెండున్నర నుంచి ముప్పావుగంట పచ్చడి దంచారని."

"ఎవరు?" అంది గురవమ్మ.

"మీ ఇంట్లో. రోట్లో."

గురవమ్మ లేచి నిలబడింది. "మా ఇంట్లో రోలే లేదు కదమ్మా," అంది. "చూసుకో. ఇల్లంతా ఎతుక్కో. పెళ్ళైన కాణ్ణుంచి మిక్సీనే."

హైమవతి చేతిలోని కాగితాన్నీ, ఎర్ర పెన్సిలుతో తను రాసుకున్న పాత కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఆవిడ తల ఎత్తేలోపలే వెంగి కాళ్ళు కదిలాయి. పక్కింట్లోకి పోయి, మడతమంచం కిందనుంచి డైరీ తెచ్చింది. హైమవతి చేతిలో పెట్టింది. పెట్టి, వేలితో ఒక పేజీ మూలన ఉన్న చుక్కను చూపించింది. ఇంకో పేజీ. ఇంకో పేజీ.

హైమవతి తేదీలు సరిచూసింది. పచ్చడి అని రాసినవి పదిహేడు. చుక్కలు పదిహేడు.

"ఏందది?" గురవమ్మ వెంగి ఎదురుగా వచ్చి నిలబడింది. నాంచారి ఆమె చంకలో ఉంది. "కాగితాలు నాకు తెలవ్వు. నోటితో చెప్పు."

వెంగి నోరు తెరిచింది. తండ్రి మొహం తెల్లబోయి ఉంది. వద్దన్నట్టు ఆయన తల కొద్దిగా, చాలా కొద్దిగా ఊగింది. పిల్ల కుడిచెయ్యి గురవమ్మ భుజం మీదుగా కిందికి వేలాడుతోంది, ఆరేసిన గుడ్డలాగా.

"మా అమ్మకు ఫిట్స్ వస్తాయి," అంది వెంగి. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఏం జరగలేదని రాశాను. మేడం అడిగితే పచ్చడి దంచిద్దని చెప్పాను. మాకూ రోలు వాడకం లేదత్తా. నీళ్ళ తొట్టి కింద బోర్లించి ఉంది. పలకకు నేనే నేర్పాను, అది ఏమీ కాదని."

ఎవరో "ఓరి దేవుడా" అన్నారు. కొట్టడానికి లేచినట్టు గురవమ్మ చెయ్యి పైకి లేచింది. కొట్టి ఉంటే వెంగికి కాస్త తేలికయ్యేది. ఆ చేత్తో గురవమ్మ కూతురి వేలాడే చేతిని తీసి గుండెకు అదుముకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

అప్పటికి బడి నుంచి ఆదెమ్మ వచ్చింది. సంగతి దారిలోనే వినబడినట్టుంది. ఆమె ఎవరి వైపూ చూడలేదు.

"అది రాసిన మాట నాదే," అంది మూసిన తలుపుతో. "చిన్నప్పటినుంచి దానికి నేను నేర్పిందే."

జనం చెదిరిపోయాక కూడా హైమవతి అరుగు మీదే కూర్చుంది. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది. తుడిచి మళ్ళీ పెట్టుకోలేదు.

"నేను నిన్ను ఒక్కసారే అడిగాను," అంది. "రెండోసారి అడగలేదు. మీ ఇంటికి వచ్చి రోలెక్కడుందో చూసినా సరిపోయేది. బడి నుంచి నాలుగడుగుల దూరం. నీ జవాబు నాకు నచ్చింది, అంతే. అంత అందమైన సున్నాను పాడుచేసుకోబుద్ధి కాలేదు."

ఆ పెద్దావిడకు కూడా చెవులు ఎర్రబడ్డాయని వెంగి అప్పుడు గమనించింది.

ఆ సాయంత్రమంతా హైమవతి ఫోన్లు చేస్తూనే ఉంది. మూడు వందల ఇళ్ళకు. పలకలు తీసేయండి, పిల్లల దగ్గర, ముసలివాళ్ళ దగ్గర మనుషులుండండి, తప్పు జరిగింది, తప్పు మాది.

* * *

మర్నాడు బడిలో ఆదెమ్మను పొయ్యి దగ్గరకు రానివ్వలేదు. గిన్నెలు రోడ్డు మీద పెట్టలేదు, అంతవరకు నయం. హెడ్మాస్టరమ్మ పక్కకు పిలిచి చెప్పింది. "మాత్రలు వరసగా వేసుకో. ఏడాదిపాటు రాకపోతే అప్పుడు చూద్దాం. ఉడికే ఎసరు దగ్గర పడుంటే ఏమయ్యేదే ఆదెమ్మా?" ఆదెమ్మ కూరగాయలు తరిగే పీట ముందు కూర్చుంది. మొదటి రోజు నలుగురు పిల్లలు అన్నం తినలేదు. మూడో రోజుకు ఆకలేసి తిన్నారు.

తిరపతయ్య కూతురితో పన్నెండు రోజులు మాట్లాడలేదు. పదమూడో రోజున పట్నం పోయి, షాపులో తెలిసినవాళ్ళున్నా నిలబడి, నెలకు సరిపడా మాత్రలు తెచ్చి గూట్లో అందరికీ కనబడేటట్టు పెట్టాడు. సున్నా ఇంటి చట్రాన్ని తీసి వెనక్కి తిప్పి రోలు పక్కన నిలబెట్టాడు.

హైమవతి పరిశోధన మళ్ళీ మొదటినుంచి మొదలైంది. పన్నెండు ఇళ్ళలో ఏడు ఒప్పుకున్నాయి. ఎవరో ఒకరు రాయాలి కదా. వెంగి అడగలేదు, హైమవతే నోటుపుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది.

"నేనా మేడం?"

"నీకంటే బాగా రాసేవాళ్ళు ఉంటారు. కానీ ఈ పని ఎంత బరువో నీకు తెలుసు."

సాయంత్రాలు ఆమె మళ్ళీ గుమ్మాలు ఎక్కింది. ఈసారి జనం జవాబు చెప్పే ముందు కాసేపు ఆగేవాళ్ళు. సొట్టగిన్నె ఇంటామె ఒకరోజు గిన్నె వైపు చూసి, "ఇసిరాడు. రాసుకో," అంది. అంకయ్య ఈసారి దగ్గుల లెక్క చెప్పకుండా, "దగ్గితే రక్తం పడుతోందే. మూణ్ణెల్లయింది. ఎవరికీ చెప్పలా," అన్నాడు. వెంగి అది రాసి, హైమవతికి చూపించకముందే కాశిరెడ్డి జీపు అడిగి ఆయన్ను ఆసుపత్రికి పంపించింది. వాళ్ళతో వీళ్ళతో మాట్లాడాల్సి వచ్చింది. గొంతు వణికింది గానీ వచ్చింది.

గురవమ్మ ఇల్లు ఒప్పుకున్న ఏడింటిలో లేదు. అక్కడ పలకా లేదు. అయినా వెంగి రోజూ ఆఖరున ఆ గుమ్మం ముందు నిలబడేది. మొదటి వారం తలుపు తెరుచుకోలేదు. రెండో వారం తెరుచుకుంది.

"చెయ్యి లేవలా," అంది గురవమ్మ. "రాసుకో."

వెంగి రాసుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ. వేరే మాట లేదు, తిట్టు లేదు. ఆ రెండు మాటలు వినడానికి రోజూ ఆ మెట్టెక్కడమే ఆమెకు అన్నిటికన్నా కష్టం. ఆ మెట్టు ఎక్కకపోతే ఇంకా కష్టం.

తమ ఇంటి వరసలో ఇప్పుడు గంటలూ నిమిషాలూ ఉండేవి. 'ఉదయం ఆరుంబావుకు అమ్మ పడింది. రెండు నిమిషాలు. దిండు పెట్టాను. నాన్న తలుపు తీసే ఉంచాడు.' మాత్రలు వరసగా పడేకొద్దీ ఆ వాక్యాలు తగ్గుతూ వచ్చాయి. వారానికి ఒకటి. తరువాత పది రోజులకు ఒకటి.

వానలు మొదలైన వారంలో ఒక ఆదివారం వచ్చింది. పొద్దున ఆదెమ్మ లేచి ముగ్గేసింది, పడలేదు. తిరపతయ్య గొడుగుకు కుట్లు వేసుకున్నాడు. మధ్యాహ్నం ముగ్గురూ అన్నం తిని ఎవరి చాప మీద వాళ్ళు పడుకున్నారు. పలక మీద గీత పొద్దుటినుంచీ వంకర పోలేదు. పక్కింట్లో నాంచారి ఎడం చేత్తో గిన్నె వాయిస్తోంది. సాయంత్రం గురవమ్మ గుమ్మంలో వినాల్సిన మాట విని వచ్చి, వెంగి తమ ఇంటి వరసలో రాయడానికి కూర్చుంది.

కలం కాగితాన్ని తాకి ఆగిపోయింది. రాయాల్సింది రెండే రెండు మాటలు. వందసార్లు రాసిన మాటలే. ఇవాళ అవి నిజం. చెవులు వేడెక్కాయి, చెయ్యి కదల్లేదు.

"ఏందే, అట్టా కూచున్నావు?" ఆదెమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"రాయలేకపోతున్నా అమ్మా. రాస్తే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేకుండా ఉన్నా."

ఆదెమ్మ నోటుపుస్తకం వైపు చూసింది. గడపలో దీపం పెట్టే వేళయింది గానీ లేవలేదు. కూతురి చేతిలో నుంచి కలం తీసుకుంది. ఆమె రెండో తరగతితో ఆపేసిన మనిషి, బడి రిజిస్టర్లో సంతకానికి తప్ప కలం పట్టదు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, గీత దాటిపోయే పెద్దపెద్ద అక్షరాలతో, పప్పు ఏరినంత జాగ్రత్తగా ఒక్కొక్కటీ పేర్చింది.

ఏమి జరగ లేదు.

కింద తన పేరు రాసింది. రాసి, తడి ఆరడానికి ఊదింది.